పైథాన్‌ను మార్చాలంటే ఎవరు ఒప్పుకోవాలి?

అల్లూరు,
నెల్లూరు జిల్లా

చిరంజీవులు హారికకు, తేజకు, మీతో ట్యూషన్‌కొచ్చే పిల్లకాయలందరికీ తాతయ్య దీవెనలు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపించే కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చని, మార్చుకోవచ్చని చెప్పినప్పుడు తేజ ఒక మాటడిగాడు. "ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చేస్తే మనం రాసిన ప్రోగ్రాములు ఆగిపోవా తాతయ్యా?" దీనికి ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను. అందుకే రాస్తున్నా.

చిన్న తప్పు దిద్దడానికి పెద్ద తతంగమేమీ ఉండదు. దిద్దిన కోడ్ పంపితే, ఆ భాగం చూసుకునేవాళ్లు చదివి కలుపుకుంటారు. భాషలోనే పెద్ద మార్పు తేవాలంటే మాత్రం ముందు ఒక పత్రం రాయాలి. దాన్ని పెప్ అంటారు. 2000 నుంచీ ఇదే పద్ధతి. ఏం మారాలి, ఎందుకు మారాలి, పాత ప్రోగ్రాములకు ఏమవుతుంది, ఇవన్నీ అందులో ఉండాలి. నాకు అన్నిటికన్నా నచ్చేది, వద్దనుకున్న దారులను కూడా రాయడం. ఏవేవి ఆలోచించారో, ఎందుకు వదిలేశారో అందులోనే ఉంటుంది. పత్రం మొత్తాన్నే తోసిపుచ్చినా దాన్ని తీసేయరు, నంబరుతో సహా అట్లాగే ఉంచుతారు. పదేళ్ల తర్వాత మీలాంటి వాళ్లెవరైనా అదే ఆలోచనతో వస్తే, చర్చ మళ్లీ మొదటికి పోకుండా ఉంటుంది.

పైథాన్‌ను పుట్టించిన గైడో వాన్ రోసమ్ 2006లో స్విచ్ అనే సదుపాయం (ఒక విలువను బట్టి ఏ పని చేయాలో ఎంచుకునేది) కోసం తానే ఒక పత్రం రాశాడు. అప్పుడు చివరి మాట ఆయనదే. అయినా 2007లో పైథాన్ వాళ్ల సమావేశంలో అందరినీ అడిగి, మద్దతు లేదని తేలాక తన పత్రాన్ని తానే తిరస్కరించాడు. అధికారం చేతిలో ఉండి కూడా ఆ పని చేయడం నాకు గొప్పగా అనిపిస్తుంది. దానికి దగ్గరగా ఉండే మ్యాచ్ అనే సదుపాయం 2021లో పైథాన్ 3.10 వెర్షన్‌తో వచ్చింది. అది పాత స్విచ్ కాదు, డేటా ఆకారాన్ని చూసి విడదీయగలది.

2018లో ఇంకో పత్రం మీద పెద్ద గొడవైంది. గైడో దాన్ని ఒప్పుకున్నాడు గానీ, ఆ వాదనలతో విసిగిపోయి జులైలో ఆ పెద్దరికమే వదులుకున్నాడు, వారసుణ్ణి చెప్పకుండా. పైథాన్‌ను చూసుకునే మిగిలినవాళ్లు రకరకాల ఏర్పాట్లను ప్రతిపాదించుకుని డిసెంబరులో ఓట్లేసుకున్నారు. ఇప్పుడు ఎన్నికైన ఐదుగురి మండలి నిర్ణయిస్తుంది. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు అందులో ఇద్దరికి మించకూడదు. కంపెనీల జీతాలతో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నచోట ఆ నియమం చాలా అవసరం.

ఇంతకీ ఎక్కువమంది చేతులెత్తితే సరిపోతుందా? సరిపోదు. మన చెరువుల కింద చూడండి. తూము దగ్గర మడులున్న వాళ్లంతా సరేనన్నా, చివరి మడి రైతు "నా దాకా నీళ్లు రావు" అంటే, అతని ఓటు ఒక్కటే కదా అని దాటేయలేం. నీళ్లు పారతాయో లేదో చూసి చెప్పాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్లు ఇదే మాటను 2014లో ఒక పత్రంలో రాసిపెట్టుకున్నారు. వందమంది ఔనన్నా, ఐదుగురు లేవనెత్తిన అభ్యంతరానికి జవాబు లేకపోతే ఏకాభిప్రాయం కుదరనట్టే. జవాబు చెప్పాలంటే వాళ్లడిగినట్టే చేయాలని కాదు, వాళ్ల మాటను నిజంగా తూచి చూడాలి. అపాచీ అనే సంస్థ కింద నడిచే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కోడ్ మార్పుకు ఒక్కరు కాదన్నా ఆగుతుంది. కానీ సాంకేతిక కారణం చెప్పాలి. కారణం చెప్పని "కాదు" చెల్లదు.

దీనికి మంచి ఉదాహరణ పైథాన్‌లోని గిల్. ఒక ప్రోగ్రాములో ఒకేసారి ఒక థ్రెడ్డే (ప్రోగ్రాములో పక్కపక్కన సాగే పనుల్లో ఒకటి) పైథాన్ కోడ్ నడిపేలా చూసే తాళం అది. దాన్ని తీసేద్దామని శామ్ గ్రాస్ అనే ప్రోగ్రామర్ పత్రం రాశాడు. తీసేస్తే మామూలు ప్రోగ్రాములు నెమ్మదిస్తాయని, సీ భాషలో రాసిన లైబ్రరీలు చెడిపోతాయని భయాలు వచ్చాయి. 2023లో మండలి ఒప్పుకుంది గానీ, ఆ భయాలను పక్కన పెట్టలేదు. మెల్లగా చేయాలని, ఇబ్బందులు మరీ ఎక్కువైతే వెనక్కి తీసుకునే వీలుండాలని షరతు పెట్టింది. అందుకే 2024లో 3.13తో అది ప్రయోగంగా, విడిగా ఎంచుకునే రూపంలోనే వచ్చింది. కాదన్నవాళ్ల మాట ఆ నిర్ణయంలో కనిపిస్తుంది, చూశారా?

ఎంత మాట్లాడినా కుదరని రోజులూ ఉంటాయి. 2014లో డెబియన్ (లినక్స్‌తో తయారైన ఒక ఆపరేటింగ్ సిస్టమ్) సాంకేతిక కమిటీలో, కంప్యూటర్ ఆన్ కాగానే మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీ మీద నాలుగు, నాలుగు ఓట్లు పడితే అధ్యక్షుడి ఓటుతో తేలింది. నచ్చనివాళ్లు కోడ్ తీసుకుని దేవువాన్ పేరుతో వేరే దారి పట్టారు. ఇట్లా కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌లో ఆ హక్కు అందరికీ ఉంది. కానీ విడిపోయాక ఆ కోడ్‌ను ఏళ్ల తరబడి చూసుకోవాల్సింది కూడా వాళ్లే.

హారికా, నీకు పైథాన్‌లో ఏదో మార్చాలని ఉందన్నావు. ముందు 3103 నంబరు పెప్ చదువు, గైడో తిరస్కరించుకున్నది అదే. ఇంగ్లీషు అర్థం కానిచోట గీత పెట్టుకుని రా, సంక్రాంతి సెలవుల్లో కలిసి చదువుదాం. తర్వాత నీ ఆలోచన ఒక పేజీలో రాయి. దాన్ని ఎవరు కాదంటారో, ఏమని కాదంటారో కూడా అందులో ఉండాలి. తేజా, నువ్వు కాదనేవాడి వైపు నిలబడు.

ఇట్లు,
మీ తాతయ్య