నిద్రించెనా, మహిమలో ప్రవేశించెనా? సమాధుల పండుగ వెనుక రెండు వేల ఏళ్ల వాదన

మా ఊరి సమాధుల తోటకు ప్రహరీ ఒకటే, గేటు ఒకటే. నవంబర్ 2 దగ్గర పడిందంటే పిచ్చిమొక్కలు పీకడం, సున్నాలు వేయడం, చెరిగిపోయిన పేర్లను నల్లరంగుతో దిద్దడం మొదలవుతుంది. ఆ సాయంత్రం బంతిపూలు, కొవ్వొత్తులు, పిల్లల గోల. దూరం నుంచి చూస్తే అందరూ ఒకే పండుగ చేసుకుంటున్నట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్తే తేడా వినిపిస్తుంది. ఎడమ వైపు వరసల్లో ఫాదర్ గారు సమాధి మీద తీర్థం చల్లి, ఈ ఆత్మకు నిత్య విశ్రాంతి ఇమ్మని దేవుణ్ణి అడుగుతారు. కుడి వైపు పాస్టర్ గారు ప్రార్థనకు ముందే ఒక మాట స్పష్టం చేస్తారు: "మనం చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం లేదు, వాళ్లను బట్టి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాం."

మా నాయనమ్మ పుట్టింటివాళ్లు క్యాథలిక్కులు, మెట్టింటివాళ్లు లూథరన్లు. ఆవిడ పోయినప్పుడు ఇంటిముందు కట్టిన ఫ్లెక్సీ మీద "మహిమ ప్రవేశం" అని వేయించారు. సమాధి రాయి మీద మాత్రం "ప్రభువునందు నిద్రించెను" అని చెక్కించారు. పుట్టింటివాళ్లు ఆమె పేరున పూజ చెప్పించారు. ఒకే మనిషి విషయంలో మూడు మాటలు. నిద్రపోతోందా, అప్పుడే మహిమలో ఉందా, లేక ఇంకా మన ప్రార్థన అవసరమైన చోట ఉందా? అప్పట్లో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. భోజనాల హడావుడిలో అదొక విషయమే కాదు. కానీ క్రైస్తవ చరిత్రలో ఈ మూడు మాటల మీద జరిగినంత గొడవ చాలా తక్కువ విషయాల మీద జరిగింది.

పరలోకం ఉంది, నరకం ఉంది, చివరికి తీర్పు ఉంది అన్న దగ్గర పెద్ద సంఘాలకు పేచీ లేదు. పేచీ అంతా మధ్య కాలం గురించి. మనిషి ఈ రోజు చనిపోయాడు, తీర్పు దినం ఇంకా రాలేదు. ఈలోపు అతను ఎక్కడున్నట్టు?

పాత నిబంధనలో చాలా చోట్ల దీనికి జవాబు ఒక్కటే, పాతాళం. హీబ్రూలో షియోల్. మంచివాడూ అక్కడికే, చెడ్డవాడూ అక్కడికే. "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అని ప్రసంగి గ్రంథం రాసినాయన కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. చనిపోయినవారు లేస్తారన్న మాట స్పష్టంగా వినిపించేది దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో. ఆ భాగం క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల లెక్క. యూదులు గ్రీకు రాజుల చేతిలో హింసపడుతున్న కాలం అది. ధర్మం కోసం చచ్చినవాడికి ఈ లోకంలో న్యాయం దొరకలేదు, మరి ఎక్కడ దొరకాలి? పునరుత్థానం ఆ ప్రశ్నకు జవాబుగా బలపడింది.

అదే కాలం నాటి సంగతి ఒకటి మక్కబీయుల రెండవ గ్రంథంలో ఉంది. యుద్ధంలో పడిపోయిన తన సైనికులను పాతిపెట్టబోతే, వాళ్ల బట్టల కింద యామ్నియా ఊరి విగ్రహాల తాయెత్తులు దొరికాయి యూదా మక్కబీయునికి. ధర్మం కోసం పోరాడినవాళ్లే, కానీ తప్పు చేశారు. అతను చందా పోగుచేసి 2,000 ద్రక్మాల వెండి యెరూషలేముకు పంపి, వాళ్ల పాపం కోసం బలి అర్పించమన్నాడు. చనిపోయినవారి కోసం ప్రార్థించవచ్చనడానికి క్యాథలిక్కులు చూపే మొదటి ఆధారం ఇదే. ఇబ్బంది ఏంటంటే, ఈ గ్రంథం క్యాథలిక్కుల 73 పుస్తకాల బైబిల్లో ఉంది, ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల బైబిల్లో లేదు. అందుకే సమాధుల తోటలో మొదలయ్యే వాదన చివరికి "ఏ బైబిల్లో ఉంది?" అన్న దగ్గర ఆగిపోతుంది.

నరకం అన్న మాట వెనుక ఉన్నది గెహెన్నా, యెరూషలేము దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. ఒకప్పుడు అక్కడ మోలెకు అనే దేవతకు పిల్లల్ని నిప్పులో వేసేవారని రాజుల గ్రంథం చెబుతుంది. ఆ లోయ ఊరి చెత్త తగలబెట్టే చోటని మన ప్రసంగాల్లో తెగ వినిపిస్తుంది గానీ, ఆ మాట కనిపించేది క్రీ.శ. 1200 ప్రాంతపు యూదు పండితుడు డేవిడ్ కిమ్హి వ్యాఖ్యానంలో. యేసు కాలం నాటి సాక్ష్యం కాదది.

మొదటి తరం క్రైస్తవులకు మధ్య కాలం పెద్ద సమస్య కాలేదు. ప్రభువు తమ కళ్ల ముందే వస్తాడనుకున్నారు. అయితే థెస్సలొనీకలో కొందరు చనిపోయేసరికి జనానికి టెన్షన్ పట్టుకుంది. అప్పుడే, క్రీ.శ. 50 ప్రాంతంలో, పౌలు "నిరీక్షణలేని యితరులవలె" దుఃఖపడవద్దని రాశాడు. చనిపోయినవారిని ఆయన "నిద్రించుచున్నవారు" అన్నాడు. మా నాయనమ్మ రాయి మీది మాట అక్కడి నుంచి వచ్చిందే. మరోపక్క లూకా సువార్తలో యేసు పక్కన సిలువ మీదున్న దొంగతో "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అంటాడు. నేడే అయితే ఇంక నిద్ర ఎక్కడిది? చనిపోయినవారు నిద్రలోనే ఉంటారనే అడ్వెంటిస్టుల సంఘం సమాధానం ఆసక్తిగా ఉంటుంది. పాత గ్రీకు ప్రతుల్లో కామాలు లేవు కాబట్టి, "నేడు నీతో చెప్పుచున్నాను, నీవు పరదైసులో ఉందువు" అని కూడా చదువుకోవచ్చంటారు. మన తెలుగు బైబిల్ ఆ సందు ఇవ్వలేదు. "నేడు" అన్న మాటను పరదైసుకే కట్టేసింది.

ప్రభువు రాక ఆలస్యమైంది, సమాధులు పెరిగాయి. క్రీ.శ. 203లో కార్తేజి జైల్లో, మృగాలకు వేయబోయే ముందు పెర్పెతువ అనే ఇరవై రెండేళ్ల క్రైస్తవ బాలింత రాసుకున్న మాటలు మిగిలాయి. ఆమె తమ్ముడు దినోక్రాతేసు ఏడేళ్లప్పుడు మొహం మీద పుండుతో చనిపోయాడు. కలలో వాడు చీకటి చోటు నుంచి బయటికి వచ్చాడు, ఒళ్లంతా మురికి, దాహం. ఎదురుగా నిండా నీళ్లున్న తొట్టి ఉంది. కానీ దాని అంచు వాడి కంటే ఎత్తు. మునివేళ్ల మీద లేచినా అందడం లేదు. పెర్పెతువ రాత్రింబవళ్లు ఏడ్చి ప్రార్థించింది. మళ్లీ కల వచ్చింది. ఈసారి తొట్టి అంచు వాడి బొడ్డు దాకా దిగింది. అంచు మీద బంగారు గిన్నె. వాడు తాగాడు, తనివితీరా తాగి ఆడుకోవడానికి పరుగెత్తాడు. ఈ కథ చదివాక, చనిపోయినవారి కోసం ప్రార్థించడం చర్చి పెద్దలు కనిపెట్టిన పద్ధతి అనడానికి నాకు నోరు రాదు. అది కింద నుంచి, ఇళ్లలో నుంచి వచ్చింది. సిద్ధాంతం తర్వాత దాని వెంట నడిచింది.

387లో ఒస్తియా రేవులో మరణశయ్య మీదున్న మోనికా కొడుకులతో, నా శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, ప్రభువు బలిపీఠం దగ్గర మాత్రం నన్ను తలుచుకోండి అన్నది. ఆ కొడుకుల్లో ఒకడు వేదాంతి అగస్టీన్. పౌలు కొరింథీయులకు రాసిన "అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు" అన్న మాటను పట్టుకుని, చావుకూ తీర్పుకూ మధ్య శుద్ధిచేసే అగ్ని ఒకటి ఉండవచ్చని ఆయన జాగ్రత్తగా అన్నాడు. ఆ "ఉండవచ్చు" తర్వాతి శతాబ్దాల్లో "ఉంది" అయింది. ఫ్రాన్సులోని క్లూని మఠాధిపతి ఓదిలో 11వ శతాబ్దం తొలినాళ్లలో తన మఠాలన్నిటిలో నవంబర్ 2ను మృతుల కోసం కేటాయించాడు. మా ఊరి బంతిపూల వరకూ వచ్చిన తేదీ అదే. 12వ శతాబ్దం చివరికి ఆ మధ్య చోటుకు లాటిన్‌లో సొంత పేరు పుట్టింది. తెలుగు క్యాథలిక్కులు దాన్ని ఉత్తరించు స్థలం అంటారు. ఋణం ఉత్తరించడం అన్నట్టుగానే, మిగిలిన శిక్ష తీర్చుకునే చోటు. 1274లో లియోన్‌లో జరిగిన చర్చి పెద్దల సభ ఆ శుద్ధిని అధికారికంగా ఒప్పుకుంది.

పోప్ కూడా ఇక్కడ తప్పటడుగు వేసిన సందర్భం ఉంది. 1331లో సకల పునీతుల పండుగ నాడు అవిన్యోన్‌లో పోప్ 22వ జాన్, పునీతులు కూడా తీర్పు దినం దాకా దేవుణ్ణి ముఖాముఖి చూడరని ప్రసంగించాడు. పారిస్ పండితులు భగ్గుమన్నారు. పునీతులే ఇంకా దేవుణ్ణి చూడకపోతే జనం వాళ్లను మొక్కుకోవడం ఎందుకు? తొంభైకి దగ్గరపడిన ఆ పెద్దాయన 1334 డిసెంబర్‌లో చావుకు ముందురోజు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తర్వాతి పోప్ 12వ బెనెడిక్ట్ 1336లో తేల్చేశాడు: శుద్ధి పొందిన ఆత్మ తీర్పు దినం కోసం ఆగదు, వెంటనే దేవుణ్ణి చూస్తుంది. ఫ్లెక్సీ మీది "మహిమ ప్రవేశం"కు ఇంతకంటే గట్టి పునాది దొరకదు. లూథరన్ ఇంటివాళ్లు వేయించిన మాటకు పోప్ పునాది, అదొక తమాషా.

గ్రీకు ఆర్థడాక్స్ లాంటి తూర్పు సంఘాలది వేరే దారి. 1438లో రోముతో జరిగిన ఫెరారా చర్చల్లో గ్రీకులు ఆ అగ్నిని ఒప్పుకోలేదు. అయినా మృతుల కోసం ప్రార్థించడం వాళ్లు ఎప్పుడూ మానలేదు. ఉడకబెట్టిన గోధుమల్లో చక్కెర కలిపి జ్ఞాపకార్థం పంచుతారు. ఎక్కడో, ఎలాగో అన్న లెక్కలు లేకుండానే వాళ్లకు ప్రార్థన సాగిపోయింది.

పడమటి సంఘం లెక్కలు వేసింది. లెక్కలున్న చోటికి డబ్బు రావడం ఎంతసేపు? బ్రాండెన్‌బర్గ్ ఆల్బ్రెక్ట్ మైన్జ్ ఆర్చ్‌బిషప్ పదవి కోసం రోముకు కట్టిన సొమ్ము ఫుగ్గర్ల బ్యాంకు కుటుంబం దగ్గర అప్పు తెచ్చాడు. ఆ అప్పు తీర్చడానికి పాపపరిహార పత్రాలు అమ్ముకునే ఏర్పాటు కుదిరింది. సగం అతనికి, సగం రోములో సెయింట్ పీటర్స్ కట్టడానికి. సిద్ధాంతం ప్రకారం ఆ పత్రం పాపాన్ని క్షమించదు, క్షమించిన పాపానికి మిగిలిన శిక్షను తగ్గిస్తుందంతే. కానీ సంతలో నిలబడి అమ్మేటప్పుడు అంత సూక్ష్మం ఎవరు చెప్తారు? పెట్టెలో నాణెం గలగలమనగానే ఆత్మ ఎగిరిపోతుందని చెప్పుకునేవారు. 1517 అక్టోబర్ 31 నాటి జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ 95 వాదాల్లో 27వది ఈ మాట మీదే. 82వది ఇంకా ఘాటు: పోప్‌కు విడిపించే శక్తే ఉంటే, డబ్బు కోసం కాక ప్రేమతోనే అందరినీ ఒక్కసారిగా ఎందుకు విడిపించడు? జనం అడుగుతున్న ప్రశ్న ఇదని ఆయన రాశాడు.

ఆనాటికి లూథర్ ఆ స్థలమే లేదనలేదు. ఆ మాట రాయడానికి 1530 వరకూ పట్టింది. విశ్వాసం వల్లే రక్షణ, క్రీస్తు చేసిందే చాలు అన్నాక, మిగిలిన శిక్ష అన్న మాటకు చోటు లేదు. చావును ఆయన ఎన్నోసార్లు నిద్ర అన్నాడు. మరో ప్రొటెస్టెంట్ నాయకుడు కాల్విన్‌కు అది నచ్చలేదు. ఆత్మ నిద్రపోదు, మెలకువగానే ఉంటుందని యువకుడిగా ఉండగానే ఒక పుస్తకం రాశాడు. అంటే రోముతో తెగతెంపులు చేసుకున్నాక కూడా ప్రొటెస్టెంట్లకు మధ్య కాలం మీద ఒక్క మాట కుదరలేదు. ఇటు 1563లో క్యాథలిక్కుల ట్రెంట్ సభ ఉత్తరించు స్థలం ఉందని మళ్లీ చెప్పి, చదువురాని జనం ముందు సూక్ష్మ చర్చలు పెట్టొద్దని, డబ్బు వాసన వచ్చే పనులు ఆపమని బిషప్పులను హెచ్చరించింది.

ఈ తగువు మనకు మూటకట్టి వచ్చింది. గుంటూరు జిల్లా ఫిరంగిపురం లాంటి చోట్ల 18వ శతాబ్దం నుంచే క్యాథలిక్కులున్నారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో దిగాడు. ఒకే జిల్లాలో, ఎడ్లబండి మీద ఒక పూట దూరంలో, జర్మనీలో మూడు వందల ఏళ్ల కిందట విడిపోయిన రెండు జవాబులూ పక్కపక్కన చేరాయి. గోదావరి డెల్టాకు 1836లోనే బౌడెన్, బీర్ అనే మిషనరీలు బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ వర్గం బోధ తెచ్చారు. ప్రభువు వచ్చేటప్పుడు విశ్వాసుల సంఘం ఆకాశానికి ఎత్తబడుతుందన్న బోధ ఆ వర్గం నుంచి లోకమంతా పాకింది. ఇప్పుడు మన కూడికల్లో ఉత్తరించు స్థలం కంటే అదే ఎక్కువ వినిపిస్తుంది. మాటలూ వేరుపడ్డాయి. "రక్షణ పొందారా?" అన్నది ప్రొటెస్టెంట్ ప్రశ్న. తేదీతో సహా జవాబు చెప్పేవాళ్లున్నారు. క్యాథలిక్కుల చెవికి ఆ ప్రశ్నే కొంచెం వింత, రక్షణ వాళ్లకు బాప్తిస్మంలో మొదలై చావు దాకా సాగేది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్, లూథరన్ ప్రతినిధులు నీతిమంతులుగా తీర్చబడటం కృప వల్లేనని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. కుడి ఎడమల వరసలు మాత్రం అలాగే ఉన్నాయి.

మన నేల మీద ఇంకో ప్రశ్న ఉంది, యూరప్‌లో అంతగా గుచ్చుకోనిది. 1878 జులైలో, పెద్ద కరువు వెంటనే, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లందరికీ తల్లిదండ్రులున్నారు, ముందే పోయినవాళ్లు. యేసు పేరు వినకుండా పోయినవాళ్ల గతి ఏమిటి? సంఘం బయట రక్షణ లేదన్న 3వ శతాబ్దపు బిషప్ సిప్రియన్ మాటను కఠినంగా తీసుకుంటే జవాబు భయంకరం. ఆ మాటను మరీ బిగించి బోధించిన బోస్టన్ ఫాదర్ ఫీనీని 1953లో రోమే వెలివేసింది. తమ తప్పు లేకుండా సువార్త ఎరగక, మనస్సాక్షి ప్రకారం బతికినవారికీ రక్షణ సాధ్యమని 1964లో రెండవ వాటికన్ సభ రాసింది. బాప్తిస్మం లేకుండా పోయే పసిపిల్లలకు ఊహించిన లింబో కూడా ఇలాగే మెత్తబడింది. వాళ్లు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం ప్రకటించింది. మన సువార్తిక సంఘాల్లో చాలావరకు పాత జవాబే నడుస్తుంది, ఇంట్లోవాళ్ల ముఖం చూస్తూ గట్టిగా అనలేకపోయినా.

మా పెద్దనాన్న ఒకసారి పాస్టర్ గారిని అడిగాడు, "మా తాత సంగతి ఏంటి అయ్యగారూ?" అని. ఆయన కాసేపు ఆగి, ఆదికాండంలో అబ్రాహాము మాట చదివాడు: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ తాతది ఈ ప్రహరీలో కాదు. కాలువ అవతల పాత శ్మశానంలో తుమ్మచెట్టు పక్కన ఎక్కడో ఉండాలి. నవంబర్ 2న ఇక్కడ కొవ్వొత్తులు అయిపోయాక, పెద్దనాన్న చెప్పులు విడిచి కాలువ దాటి వెళ్తాడు. ఎందుకని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.