‘మై గర్ల్’ పాట మీద అపోహలు - వాస్తవాలు, ఒక బేస్ గిటార్ టీచర్ నుంచి

కొత్తగా బేస్ నేర్చుకోడానికి వచ్చినవాళ్లకి ముందుగా అమెరికన్ సింగింగ్ గ్రూప్ టెంప్టేషన్స్ పాడిన ‘మై గర్ల్’ ఇస్తుంటాను, అప్పుడు వినపడే మాటలే ఇవి.

అపోహ: బేస్ చాలా ఈజీ, మూడు దెబ్బలే కదా.
వాస్తవం: దెబ్బలు మూడే, కానీ వాటి తర్వాత వచ్చే ఖాళీని మోయడమే కష్టం, అందరూ అక్కడే తొందరపడిపోతారు. ఈ పాటకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు, తీగలు పాతబడినా మార్చేవాడు కాదు, బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర స్పాంజ్ ముక్క ఉండేది, అందుకే ఆ సౌండ్ సాగదు, గుండె కొట్టుకున్నట్టు దబ్‌మని పడి ఆగిపోద్ది.

అపోహ: పాట మొదట్లో వచ్చే ఆ గిటార్ బిట్ మన మోహన రాగమే.
వాస్తవం: సగం నిజం. మొదట స రి గ ప ద స, అచ్చంగా మోహనం ఆరోహణ, హార్మోనియం మీద వాయించి చూడండి. కానీ కార్డ్ (వెనక కలిపి మోగే స్వరాల గుంపు) మారగానే అవే మెట్లు మధ్యమం నుంచి మొదలవుతాయి, మ ప ద స రి మ, మోహనంలో మధ్యమం లేదుగా, పాత షడ్జమం పట్టుకుని చూస్తే అవి శుద్ధసావేరి స్వరాలు! నాకైతే ఇప్పటికీ ఆ చోట ఒళ్లు పులకరిస్తుంది. వయొలిన్ల తర్వాత పాట శ్రుతి మొత్తం సి నుంచి డి కి లేస్తుంది కూడా.

అపోహ: డేవిడ్ రఫిన్ అప్పటికే ఆ గ్రూప్‌కి మెయిన్ సింగర్.
వాస్తవం: కాదు. గ్రూప్ సింగిల్‌లో (విడిగా రిలీజ్ చేసే పాట రికార్డు) అతను లీడ్ పాడటం ఇదే మొదటిసారి. ఆ గొంతు కోసమే పాటల రచయిత స్మోకీ రాబిన్సన్, రోనాల్డ్ వైట్‌తో కలిసి ఈ పాట కట్టాడు.

అపోహ: 1991 సినిమా కోసం చేసిన పాట.
వాస్తవం: 1964 డిసెంబర్‌లో రిలీజ్, 1965 మార్చిలో అమెరికా హిట్ పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్. సినిమా దీని పేరు పెట్టుకుంది, అంతే.

అపోహ: మ్యూజిక్ కూడా టెంప్టేషన్సే వాయించారు.
వాస్తవం: వాళ్లు ఐదుగురూ పాడారు. వాయించింది డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ స్టూడియో బ్యాండ్ ఫంక్ బ్రదర్స్, స్ట్రింగ్స్ అరేంజ్ చేసింది పాల్ రైజర్. సింగిల్ మీద బ్యాండ్‌లో ఒక్కరి పేరూ లేదు, 1971లో సింగర్ మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ అట్ట మీద పడ్డాయి వీళ్ల పేర్లు, అప్పటికి ఎన్ని హిట్లు వెళ్లిపోయాయో. ఆ గిటార్ బిట్ వాయించిన రాబర్ట్ వైట్ ఒకసారి రెస్టారెంట్‌లో కూర్చుంటే ఇదే పాట మొదలైందట, ఇది వాయించింది నేనే అని వెయిటర్‌తో చెప్పబోయి, నమ్మడులే అనుకుని ఆగిపోయాడట.