జపాన్ కాగితపు శిరస్త్రాణాలు: అపోహలు - వాస్తవాలు

ఈ శిరస్త్రాణాలకు పూసే ఉరుషి (జపాన్‌లో ఒక చెట్టు పాలతో వేసే మెరుపు పూత) పని చేస్తానంటే చాలు, "సమురాయ్‌లు (జపాన్ యోధులు) కాగితం టోపీలు పెట్టుకుని యుద్ధానికెళ్ళేవారట, నిజమేనా?" అని అడుగుతుంటారు. సగం నిజం.

అపోహ: కత్తి దెబ్బను కాగితమే ఆపేది.

వాస్తవం: దెబ్బ కాసేది లోపలి ఇనుప గిన్నె. దాని మీద కాగితం, తోలు, చెక్క కట్టి కుందేలు చెవులో, చేప తోకో తయారుచేసేవారు. ఈ పద్ధతిని హరికాకే అంటారు. 16వ శతాబ్దం చివర్లో సైన్యాలు పెద్దవయ్యాయి. అంత గుంపులో తమ దొర ఎక్కడున్నాడో దూరం నుంచే కనబడాలి. ఆ ఎత్తంతా ఇనుముతో పోస్తే మోసే మెడ ఏం కావాలి!

అపోహ: శిరస్త్రాణం పైన పూసే ఉరుషి కూడా మన ఏటికొప్పాక లక్కలాంటిదే.

వాస్తవం: లక్క పురుగు నుంచి వస్తుంది, వేడికి కరుగుతుంది. ఉరుషి చెట్టు పాలు. ఒకసారి గట్టిపడితే ఇక కరగదు, నీళ్ళకి చెక్కుచెదరదు. దాని శత్రువు ఎండ.

అపోహ: పూత వేసి ఎండలో ఆరబెడతారు.

వాస్తవం: దీనికి కావాల్సింది తేమ. పాలలో ఉండే లాకేస్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో పూతను గట్టిపరుస్తుంది. పొడిగాలిలో అది పనిచేయదు. అందుకే 20-25 డిగ్రీల వేడి, 70-80 శాతం తేమ ఉండే చెక్క బీరువాలో పెడతాం. మందంగా పూశామో, పైన ముందే బిగుసుకుని ముడతలు పడుతుంది. కాబట్టి పల్చగా పూయాలి, ఆగాలి, నీళ్ళతో రుద్దాలి, మళ్ళీ పూయాలి.

కాగితం అంటించేదీ ఉరుషితోనే. కోజో చెట్టు నారతో చేసిన వాషి కాగితాన్ని, బియ్యప్పిండి జిగురు కలిపిన పచ్చి ఉరుషితో పొర మీద పొర అంటిస్తారు. ఆపైన మెత్తటి మట్టి పొడి కలిపిన ఉరుషిని మెత్తి, రాయితో నున్నగా అరగదీస్తారు. అసలు టైమంతా ఇక్కడే పోతుంది. పైన కనిపించే నల్లటి మెరుపు చివరి పొరలది మాత్రమే.

అపోహ: పాత శిరస్త్రాణం ముట్టుకుంటే ఒళ్ళంతా దురద.

వాస్తవం: పూర్తిగా గట్టిపడిన పూత ఏమీ చేయదు. పచ్చి పాలతోనే గొడవ. జీడిపిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం ఎలా పొక్కుతుందో, ఇదీ అలాగే. రెండు చెట్లూ ఒకే కుటుంబం మరి!