సంగీతం, ప్రకటన, సాంకేతిక రచన: మూడు పనుల మీద నిలబడాలనుకునే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

వీణో వయొలినో గాత్రమో ఏళ్ల తరబడి శ్రద్ధగా నేర్చుకుని, ఆ తరవాత ఇంజనీరింగో డిగ్రీయో పూర్తిచేసిన పిల్లలు ఇప్పుడు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఉద్యోగంలో చేరితే సంగీతం ఆదివారాలకే పరిమితమవుతుందని ఒక భయం, సంగీతాన్నే నమ్ముకుంటే ఇల్లు గడవదని ఇంకొక భయం వారిని పీడిస్తున్నాయి. ఈ రెండింటికీ లొంగని దారి ఒకటి ఉంది. సంగీతం, వ్యాపార ప్రకటనల రచన, యంత్రాలకూ సాఫ్ట్‌వేర్‌కూ వాడుక పత్రాలు రాయడం అనే మూడు పనులను కలిపి ఒక స్వతంత్ర వృత్తిగా నిలబెట్టుకోవచ్చు. నేను చాలా ఏళ్లుగా ఈ మూడింటి మీదే బతుకుతున్నాను కనుక, ఇందులో డబ్బు ఎలా వస్తుందో, హక్కులు ఎవరికి చెందుతాయో, ఏ పని దేనికి ఆసరా అవుతుందో మీకు వివరంగా రాస్తున్నాను.

పూర్వం విద్వాంసుడికి ఒక ఆశ్రయం ఉండేది. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులయ్యారు. అక్కడే వయొలిన్ ఆచార్యులుగా ఉన్న ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1936లో ఆ పదవిని చేపట్టారు. సంస్థానాల పోషణ తగ్గాక ఆ బాధ్యతను కొంతవరకు రేడియో తీసుకుంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి వంటి కేంద్రాల్లో నిలయ విద్వాంసులుగా చేరినవారికి నెలనెలా జీతమూ, విడవని సాధనా, వేలమంది శ్రోతలూ దొరికారు. అలాంటి కొలువులు ఇప్పుడు చాలా అరుదు. ఆ ఆశ్రయాన్ని ఈ కాలపు సంగీతకారులు తమ ఇతర పనులతో తామే కట్టుకోవలసి వస్తోంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మూడింటిలో సాంకేతిక రచనను పునాదిగా పెట్టుకోండి. మన దగ్గర ఉన్న వాటిలో సంగీతం అన్నిటికంటే విలువైనది కనుక, ఇంటి అద్దె కట్టడానికని దాన్ని వచ్చిన ధరకు అమ్ముకునే పరిస్థితి రాకూడదు. ఇక ముందు నేను చెప్పబోయే లెక్కలూ జాగ్రత్తలూ అన్నీ ఈ ఒక్క ఉద్దేశంతో చెప్పేవే.

సంగీతం మీద వచ్చే ఆదాయం పంచాంగాన్ని అనుసరించి నడుస్తుంది. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసాల్లో పెళ్లి కచేరీలు, శ్రీరామనవమికి పందిళ్లు, దసరాకు ఆలయాల్లో నవరాత్రి కచేరీలు, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన ఉంటాయి. ఆ రోజుల్లో ఒకే సాయంత్రానికి రెండు చోట్ల నుంచి పిలుపు వస్తుంది. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా వారాల తరబడి ఎవరూ పిలవరు. ఈ ఎగుడుదిగుళ్లను కొంత సర్దేది పాఠం చెప్పడం. అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పేవారికి శని, ఆదివారాల తెల్లవారుజాములే పనివేళలు, ఎందుకంటే మనకు శనివారం ఉదయం 6 గంటలైతే వేసవిలో కాలిఫోర్నియాలో శుక్రవారం సాయంత్రం 5:30. నవంబరులో అక్కడి గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చిలో తిరిగి ముందుకు జరుపుతారు. ఆ రెండు మార్పులనూ ముందుగా రాసి పెట్టుకోకపోతే ఒక పాఠం తప్పడం ఖాయం. పాఠాలు మంచి ఆధారమే అయినా, వారానికి ఎన్ని చెప్పగలరన్నదానికి మీ గొంతూ మీ ఓపికా హద్దు పెడతాయి.

సాంకేతిక రచన అంటే ఏమిటో చాలామందికి స్పష్టంగా తెలియదు. రక్తపోటు చూసే పరికరంతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకం, బ్యాంకు యాప్‌లోని సహాయం పేజీ, ఒక సాఫ్ట్‌వేర్‌ను ఇంకొకదానితో కలపాలనుకునే ప్రోగ్రామర్ల కోసం ఉండే ఏపీఐ పత్రం, కొత్త వెర్షన్‌లో ఏమి మారిందో చెప్పే గమనిక, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని రాసినవే. హైదరాబాదు మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లోని సాఫ్ట్‌వేర్ సంస్థలు ఈ పనికి ఉద్యోగులను పెట్టుకుంటాయి. విడుదల తేదీ దగ్గరపడి చేతులు చాలనప్పుడు బయటివారికి కూడా అప్పగిస్తాయి. రాత దాదాపు అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది, కానీ అలంకారాలు తెలిసిన ఇంగ్లీషు కంటే అదుపు తెలిసిన ఇంగ్లీషు ఇందులో ఎక్కువ ఉపయోగపడుతుంది. విమానాల మరమ్మతు పత్రాల కోసం రూపొందిన సరళ ఇంగ్లీషు ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం, పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25 దాటకూడదు, ఒక వాక్యంలో సాధారణంగా ఒక పనే చెప్పాలి. లోపలి భాగం వేడిగా ఉంటుందన్న హెచ్చరిక, మూత తీయమనే సూచన కంటే ముందు రావాలి. తరవాత వస్తే చదివేవారి చెయ్యి అప్పటికే కాలి ఉంటుంది.

ఈ పనిలో రాయడానికి పట్టే సమయం కంటే అడగడానికీ పరీక్షించడానికీ పట్టే సమయం ఎక్కువ. యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరుకు అందులో ప్రతిదీ తెలుసు కనుక, కొత్తవాడికి ఏది తెలియదో ఆయనకు తట్టదు; ఆయన దాటేసిన మెట్టును అడిగి రాబట్టడమే మన పని. ఆ తరవాత రాసినదాన్ని మన చేతులతోనే ఒక్కొక్క మెట్టుగా చేసి చూడాలి. సంగీతం నేర్చుకున్నవారికి ఇందులో సహజమైన అనుకూలత ఉందని నేను గట్టిగా నమ్ముతాను. సరళి వరసలు రాకుండా జంట వరసలు, జంటలు రాకుండా అలంకారాలు, అవి పూర్తికాకుండా గీతాలు మొదలుపెట్టనివ్వని గురువు దగ్గర పెరిగినవారికి, ఏది తెలిశాక ఏది చెప్పాలన్న వరస ఒంటికి పట్టి ఉంటుంది. మంచి వాడుక పత్రంలో ఉండవలసిన ప్రధాన గుణం అదే. రెండు విద్యలు ఒక్కరిలో కలిస్తే ఎంత మేలు జరుగుతుందో బెంగళూరులో చూశాం; వేణువు వాయించే ఇంజనీరు రాజ్ నారాయణ్ గారు 1970లలో ఎలక్ట్రానిక్ తంబురాను తయారుచేసి దేశమంతటా విద్యార్థుల ఇళ్లకు చేర్చారు.

ఒక సంస్థకు వాడుక పత్రం రాసిన మనిషికి ఆ వస్తువు గురించి అమ్మకాల విభాగం కంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. అందువల్ల అదే సంస్థవారు కొన్నాళ్లకు పరిచయ పత్రం రాయమని, చిన్న వీడియోకు మాటలు రాయమని, వీలైతే దానికి సంగీతం కూడా సమకూర్చమని అడుగుతారు. మూడు పనులూ ఒకదానికొకటి తోడయ్యేది ఇలాగే; ఒక్కొక్క పనికి వేరే వేరే సంస్థలను వెతుక్కోవడం కంటే ఇది ఎంతో సులువు.

ప్రకటన పాటను తక్కువగా చూడకండి. ఏ.ఆర్. రహ్మాన్ మన రాజ్-కోటి వంటివారి దగ్గర కీబోర్డు వాయించారు. 1992లో సినిమాకు సంగీత దర్శకులు కావడానికి ముందు చాలాకాలం ప్రకటనలకు స్వరాలు కట్టారు, వాటిలో తొలినాటి పని హైదరాబాదులో తయారైన ఆల్విన్ గడియారాలది. ఆ నిడివిలో పనిచేయడం ఎంత కచ్చితమైన శిక్షణో ఒక లెక్కతో చూపిస్తాను. 30 సెకన్ల ప్రకటనను ఆది తాళంలో కడుతున్నారనుకోండి. ఆది తాళంలో ఒక్కొక్క ఆవర్తనానికి (తాళం ఒక చుట్టు తిరగడానికి) 8 అక్షరాలు, అంటే 8 దెబ్బలు. నిమిషానికి 120 అక్షరాల వేగం పెట్టుకుంటే ఆ వ్యవధిలో 60 అక్షరాలు పడతాయి, అంటే ఏడున్నర ఆవర్తనాలు. పల్లవి ఆవర్తనం నడుమ తెగిపోతుంది. వేగాన్ని 128కి పెంచితే 64 అక్షరాలు, సరిగ్గా 8 ఆవర్తనాలు వస్తాయి. 112కి తగ్గిస్తే 56 అక్షరాలు, 7 ఆవర్తనాలు. 128 వేగంలో చివరి ఆవర్తనాన్ని దుకాణం పేరూ చిరునామా పలకడానికి వదిలితే మీకు మిగిలేది నాలుగు సెకన్లకు కొంచెం తక్కువ. 'మెయిన్ రోడ్డు, రైతుబజారు ఎదురుగా' అన్న మాటలు అందులో హడావుడి లేకుండా పడతాయో లేదో గడియారం పెట్టుకుని పలికి చూశాకే స్వరం ఖాయం చేయాలి. తెలుగు మాటలు పొడవైనవి; పక్క భాషలో వచ్చిన ప్రకటనను అదే స్వరానికి తెలుగులో ఇరికించినప్పుడు దీర్ఘాలు కురచై, హ్రస్వాలు సాగి, వినేవారికి అర్థం కాకుండా పోవడం మీరూ వింటూనే ఉన్నారు. మాటలూ స్వరమూ ఒక్కరే కూర్చినప్పుడు ఈ దోషం రాదు.

ప్రకటనకు మాటలు రాసేటప్పుడు సాంకేతిక రచనలో అలవడిన ప్రశ్నను వదలకండి: దీనికి రుజువు ఏది? 1985 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 'నూటికి నూరుపాళ్లు నయం' అని రాయమన్న యజమానికి ఆ పరీక్ష నివేదిక చూపించమని మర్యాదగా అడగండి. చూపించలేకపోతే ఆ పని వదులుకోండి. పునాది ఆదాయం వేరే ఉన్నవారికి ఈ మాట అనగల ధైర్యం ఉంటుంది.

ఇక హక్కుల సంగతి. మూడు పనులకూ ఒకే తరహా ఒప్పందం మీద సంతకం చేయకూడదు. సాంకేతిక రచనలో పత్రం మీద సర్వహక్కులూ సంస్థకు రాసివ్వడం రివాజు, అందులో మనకు నష్టం లేదు. ఆ యంత్రం లేకపోతే ఆ పత్రానికి వేరే విలువ ఉండదు. స్వరం అలాంటిది కాదు, అది రేపు ఇంకొక చోట బతకగలదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే అది 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. కనుక ఒప్పందంలో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న మాటలు కనబడితే ఆగి, వాటికి వేరే వెల అడగండి. 2012లో వచ్చిన సవరణ మరింత మేలు చేసింది: సినిమాలోనో రికార్డింగులోనో చేరిన పాటకు, థియేటరులో ఆ సినిమా ఆడటాన్ని మినహాయించి, మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో, హక్కులు తీసుకున్నవారితో సమానంగా, రచయితకూ స్వరకర్తకూ వాటా ఉంటుంది; వారసులకో కాపీరైటు సంఘానికో తప్ప ఆ వాటాను ఇంకెవరికీ వదులుకున్నట్టు రాసినా చెల్లదు. 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్ అనే రచయితల, స్వరకర్తల కాపీరైటు సంఘం ఈ రాయల్టీలను వసూలు చేసి సభ్యులకు పంచుతుంది. మొదటి పాట బయటికి వచ్చిన వెంటనే సభ్యత్వం తీసుకోండి. పాడినవారికీ వాయించినవారికీ ప్రదర్శకుల హక్కు వేరుగా 50 ఏళ్లు ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, ఆయన కృతులు అందరివీ. కానీ ఒక విద్వాంసుడు పాడిన రికార్డింగు మీద అది ప్రచురితమైన తరవాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. వీడియోకు కృతి కావాలంటే మీరే పాడండి, లేదా వాయించండి.

పన్నుల విషయం క్లుప్తంగా చెబుతాను. సంస్థలు మీ రుసుములో టీడీఎస్ (ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) మినహాయించి మిగతాది ఇస్తాయి. అది మీ పేరున జమ అయిందో లేదో చూసుకోవాలి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. శాస్త్రీయ, జానపద కళాకారుల ప్రదర్శనకు ఒక్కొక్క దానికి లక్షన్నర రూపాయల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది, అయితే వస్తువుకు ప్రచారకర్తగా చేసే పనికి అది వర్తించదు. కనుక ఒకే సంస్థకు కచేరీ చేసి, ప్రకటన కూడా చేసినప్పుడు రెండింటికీ వేరు వేరు ఇన్‌వాయిస్‌లు ఇవ్వండి.

డబ్బు ఆలస్యం చేసేవారు మూడు రంగాల్లోనూ ఉన్నారు. సంగీతానికి సగం అడ్వాన్సు తీసుకున్నాకే స్టూడియోకు వెళ్లండి. సంస్థలతో పని ఉన్నవారు చిన్న సంస్థల నమోదు కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావాలి, అది ఉచితం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం అలా నమోదైనవారికి ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోగా చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. ఇన్‌వాయిస్ అడుగున ఉద్యమ్ సంఖ్య వేస్తే, అడగకుండానే చాలా బాకీలు కదులుతాయి.

యంత్రమే రాస్తున్న ఈ రోజుల్లో మన అవసరం ఎవరికి అని మీలో కొందరు బెంగపడుతున్నారు. చిత్తుప్రతి యంత్రం రాయగలదు. ఆ మెట్లు చేస్తే పరికరం నిజంగా పనిచేస్తుందో లేదో చేతులతో చేసి చూసి, బాధ్యతగా తన పేరు పెట్టే మనిషి అవసరం మాత్రం తగ్గలేదు. కాబట్టి మీరు అమ్మేది పేజీల లెక్కన కాకుండా, పరీక్షించిన పత్రం లెక్కన ఉండాలి.

మొదటి ఏడాది చేయవలసింది ఒక్కటే. సంస్థలకు రాసిన పత్రాలు గోప్యత ఒప్పందాల వల్ల బయట చూపించడానికి వీలుండదు, అందుచేత చూపించుకోవడానికి మీ సొంత నమూనాలు కావాలి. ఆడాసిటీ, మ్యూజ్‌స్కోర్ వంటివి ఉచితంగా దొరికే సంగీత సాఫ్ట్‌వేర్లు. ఇంట్లో తంబురా శ్రుతి పెట్టుకుని పాఠాన్ని రికార్డు చేసి, చప్పుళ్లు తగ్గించి, గురువుగారికి పంపడం ఎలాగో పదో తరగతి పిల్లవాడు కూడా చేయగలిగేలా ఇంగ్లీషులో ఒక పత్రం, తెలుగులో ఒక పత్రం రాయండి. దాన్ని పరిచయం చేసే 30 సెకన్ల పాటను మీరే కట్టండి. కంప్యూటరు అంతగా అలవాటు లేని పెద్దవారి చేత ఆ మెట్లు చేయించి, వారు ఎక్కడ ఆగిపోయారో రాసుకుని, అక్కడ సరిదిద్దండి. అప్పుడు నాకు పంపండి, శ్రద్ధగా చదివి, విని, జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య