అగ్నిపర్వతం పేలే ముందు భూమి కంపించే తీరు

అగ్నిపర్వతం బద్దలయ్యే ముందు భూకంపాలు వస్తాయి కదా, మరి వాటి తీవ్రతను కొలిచి పేలుడు ఎప్పుడో ముందే చెప్పలేరా అని ఒక పాఠకుడు అడిగారు. చాలాసార్లు చెప్పగలుగుతున్నారు. అయితే అందుకు తోడ్పడేది తీవ్రత ఒక్కటే కాదు, కంపనం ఏ ఆకారంలో ఉంది, ఎంత వ్యవధిలో మళ్ళీ వస్తోంది అన్న వివరం అంతకన్నా విలువైనది. పాఠ్యపుస్తకాలు రిక్టర్ స్కేలు అంకెల దగ్గరే ఆగిపోవడం వల్ల ఈ ఆసక్తికరమైన భాగం విద్యార్థులకు అందకుండా పోతోంది.

శిలాద్రవం పైకి దారి చేసుకునేటప్పుడు చుట్టూ ఉన్న గట్టి రాయి పగిలి మామూలు భూకంపాల వంటివే చిన్న చిన్నవి వస్తాయి. వాటితో పాటు, ద్రవమో వాయువో నిండిన పగుళ్లు అనునాదం చెందడం వల్ల 0.5 నుంచి 5 హెర్ట్జ్‌ల (అంటే సెకనుకు అన్నిసార్లు ఊగడం) మధ్య ఉండే మందకొడి కంపనాలు కూడా వస్తాయి. 1989 డిసెంబరు 13న అలాస్కాలోని రిడౌట్ పర్వతం కింద ఈ రెండో రకం కంపనాలు గుంపుగా మొదలై దాదాపు ఒక రోజంతా సాగాయి, మర్నాడు పర్వతం పేలింది. ఆ మరుసటి రోజే కె.ఎల్.ఎం. విమానం ఒకటి ఆ పర్వతపు బూడిద మేఘంలో చిక్కుకుని నాలుగు ఇంజన్లూ ఆగిపోయి, అవి మళ్ళీ పనిచేయడంతో ఏంకరేజ్‌లో క్షేమంగా దిగగలిగింది.

ఇదే రిడౌట్ 2009 మార్చిలో చేసినది ఇంకా ఆశ్చర్యకరం. కొన్ని పేలుళ్లకు ముందు ఎవరికీ తెలియనంత చిన్న భూకంపాలు ఒకదాని వెంట ఒకటి క్రమంగా రావడం మొదలైంది. అవి అంతకంతకూ దగ్గరపడి, చివరకు సెకనుకు 30 దాకా చేరాయి. ఆ తర్వాత పది సెకన్ల నుంచి ఒక నిమిషం దాకా నిశ్శబ్దం, ఆ వెంటనే పేలుడు.

దీని మర్మం తుప్పు పట్టిన తలుపు బందులో ఉంది. అటువంటి తలుపును చాలా నెమ్మదిగా తోస్తే బందు పట్టేసి, తోపు పెరిగాక పట్టు తప్పి టక్కున జారి, మళ్ళీ పట్టేస్తుంది. అంటే ఒక్కో జారుకు ఒక్కో టక్కు. కాస్త వేగం పెంచితే టక్కులు దగ్గరపడతాయి, ఇంకా పెంచితే అవన్నీ కలిసిపోయి కిర్రుమనే ఒకే మోతగా వినిపిస్తాయి. ఆ మోత కొత్తగా పుట్టినది కాదు, లెక్కపెట్టలేనంత దగ్గరగా వచ్చిన టక్కులే. తలుపును ఒక్క విసురుతో తోసేస్తే కిర్రు కూడా రాదు, ఎందుకంటే మళ్ళీ పట్టేయడానికి బందుకు వ్యవధే ఉండదు.

శిలాద్రవ నాళం గోడల దగ్గర జరిగేదీ ఇదే. ఒకే చోట రాయి పట్టేస్తూ, జారుతూ ఉంటే, రెండు జారుల మధ్య కాలం టి సెకన్లు అనుకుందాం. అప్పుడు కంపనాల వర్ణపటంలో, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత కంపనం ఉందో చూపే పటంలో, 1/టి హెర్ట్జ్ దగ్గర ఒక గీత, దానికి రెండు రెట్లు, మూడు రెట్లు ఉన్న చోట్ల మరికొన్ని గీతలు కనిపిస్తాయి. శాస్త్రజ్ఞులు హార్మోనిక్ ట్రెమర్ అనేది దీన్నే. టి తగ్గుతున్న కొద్దీ గీతలన్నీ కలిసికట్టుగా పైకి జరుగుతాయి. ఒత్తిడి మరీ వేగంగా పెరిగితే రాయి ఆగి జారడం మాని ఏకధాటిగా జారిపోతుంది. అలా జారే రాయి భూకంప తరంగాలను దాదాపుగా పుట్టించదు. కాబట్టి ఆ నిశ్శబ్దాన్ని ప్రమాదం తప్పిందనడానికి గుర్తుగా తీసుకోకూడదు, రాయి అత్యంత వేగంగా కదులుతున్న సమయం అదే.

అదే బందును నెమ్మదిగా తోస్తే ఏమవుతుందో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ పర్వతంలో 2004లో మొదలైన విస్ఫోటనంలో చూడవచ్చు. అక్కడ గట్టిపడిన శిలాద్రవం దిమ్మెలా పైకి జరుగుతూ ఉంటే, నిమిషానికో రెండు మూడు నిమిషాలకో ఒకటి చొప్పున ఒకే పోలికలో ఉన్న భూకంపాలు లక్షల సంఖ్యలో నమోదయ్యాయి. 1980లో పర్వతపు ఉత్తర పార్శ్వం కూలడంతో జరిగినటువంటి మహా విస్ఫోటనం ఈసారి జరగలేదు, 2008 జనవరి దాకా దిమ్మె పెరుగుతూ పోయింది.

అన్ని పర్వతాలూ ఇంత వ్యవధి ఇవ్వవు. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లోని ఒంతాకే కింద నిరంతర ప్రకంపనం 11 గంటల 41 నిమిషాలకు మొదలైతే, 11 గంటల 52 నిమిషాలకు ఆవిరి పేలుడు సంభవించి, శిఖరం మీద ఉన్నవారిలో 63 మంది మరణించారు లేదా గల్లంతయ్యారు. ఆ నెల రెండో వారంలోనే భూకంపాలు పెరిగి మళ్ళీ తగ్గాయి, హెచ్చరిక స్థాయి మాత్రం అన్నిటికన్నా తక్కువైన ఒకటి దగ్గరే ఉండిపోయింది. ఇందుకు భిన్నంగా 2025 ఆరంభంలో గ్రీసులోని సాంటోరిని దగ్గర వేల భూకంపాలు వచ్చినా విస్ఫోటనం జరగలేదు. గ్రహకూటములను చూసి తేదీలు ప్రకటించేవారికి ఇలాంటి తేడాలతో పని లేదు, అందుకే వారి మాట వినడం హానికరమని నా అభిప్రాయం. కంపనాలను చదివేవారు మాత్రం నేల ఉబ్బును, వెలువడే గంధక వాయువులను కూడా కొలిచి పోల్చుకుంటారు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో చుట్టుపక్కల నుంచి జూన్ 15 మహా విస్ఫోటనానికి ముందే వేలాది మందిని తరలించగలిగింది అలా పోల్చి చూడడం వల్లనే.