కర్ర ఉన్నవాడిదే బర్రె అంటే రియలిజమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పగలు డిగ్రీ పిల్లలకు, సాయంత్రం గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్ళకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతుంటాను. పేపర్లు దిద్దీ దిద్దీ, ఏ ప్రశ్నకు ఏ తప్పు వస్తుందో ముందే తెలిసిపోతోంది. అందులో కొన్ని తప్పులు నావే. మొదట్లో నేను హడావిడిగా చెప్పిన నోట్సు ఇప్పటికీ జిరాక్స్ షాపుల్లో తిరుగుతోంది. ఇక్కడ చెప్పేది రెండు సిద్ధాంతాల గురించి: దేశాల నడకను అధికారం, స్వప్రయోజనాల లెక్కతో చూసే రియలిజం, వలస పాలన మిగిల్చిన అసమానతల్ని నిలదీసే పోస్ట్‌కలోనియల్ వాదం.

అపోహ: రియలిజం అంటే కర్ర ఉన్నవాడిదే బర్రె.

దీనికి అందరూ చూపించే సాక్ష్యం మెలోస్ సంభాషణ. క్రీ.పూ. 416లో ఏథెన్స్ సైన్యం మెలోస్ అనే చిన్న దీవి మీదికి వెళ్ళి లొంగిపొమ్మంది. న్యాయం అనేది సమానుల మధ్య మాట, బలవంతుడు చేయగలిగింది చేస్తాడు, బలహీనుడు పడాల్సింది పడతాడు అన్నారు ఏథెన్స్ దూతలు. ఆ మాట అన్నది దూతలు, రాసిపెట్టింది గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్. దాన్ని థుసిడిడీస్ సిద్ధాంతం అనడం, దుర్యోధనుడి మాటల్ని వ్యాసుడి నెత్తిన రుద్దడం లాంటిది. మెలోస్ మగవాళ్ళను చంపి, ఆడవాళ్ళనూ పిల్లల్నీ బానిసలుగా అమ్మేశాక ఆయన కథ ఎటు తిరిగిందో చూడండి. పేజీ తిప్పగానే సిసిలీ దీవి మీదికి ఏథెన్స్ దండయాత్ర. 415లో అట్టహాసంగా బయల్దేరిన ఆ సైన్యం 413కల్లా తుడిచిపెట్టుకుపోయింది. 404లో ఏథెన్సే లొంగిపోయింది. బలం తలకెక్కినవాడికి ఏమవుతుందో ఇంతకంటే వివరంగా ఎవరు చెబుతారు?

ఇరవయ్యో శతాబ్దపు రియలిస్టు పండితుడు మోర్గెంథా దగ్గరా ఇదే పొరపాటు. ఆయన జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల కాలంలో అమెరికా చేరాడు. 'పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్' 1948లో వచ్చింది. జాతీయ ప్రయోజనాన్ని అధికారంతో కొలవాలన్న వాక్యాన్ని మనవాళ్ళు కంఠతా పట్టేస్తారు. ఏ దేశమూ తన కోరికల్నే విశ్వధర్మం అనుకోకూడదని, రాజకీయాల్లో వివేకాన్ని మించిన సుగుణం లేదని కూడా ఆయనే రాశాడు. అది మాత్రం చదవరు. వియత్నాం యుద్ధాన్ని గట్టిగా విమర్శించినందుకు 1965లో జాన్సన్ ప్రభుత్వం ఆయన్ని సలహాదారుగా తప్పించింది. 'రియలిస్టు అయ్యుండి యుద్ధం వద్దన్నాడేంటి సార్?' అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. రియలిస్టు కాబట్టే అన్నాడు. అక్కడ అమెరికాకు దక్కేదేమిటో, పోయేదేమిటో లెక్క వేసుకున్నాడు.

అపోహ: మోర్గెంథా, వాల్ట్జ్ ఇద్దరూ ఒకటే.

కాదు. 1979లో అమెరికా పండితుడు వాల్ట్జ్ మనిషి స్వభావాన్ని పక్కనపెట్టి, దేశాల పైన సర్కారు లేని ప్రపంచ నిర్మాణం నుంచి మొదలుపెట్టాడు. పాత, అంటే క్లాసికల్ రియలిస్టులకు మనిషి అహం, భయం, తెలివితక్కువతనం కూడా లెక్కలోవే. పేపర్‌లో 'క్లాసికల్' అన్న మాట కనబడితే వాల్ట్జ్‌ను బయటపెట్టండి.

అపోహ: కౌటిల్యుడంటే కుట్రలు, యుద్ధం.

అర్థశాస్త్రంలో గూఢచారులు, విషప్రయోగాలు బోలెడు, ఒప్పుకుంటాను. అయితే షాడ్గుణ్యం, అంటే పరాయి రాజులతో నడుచుకునే ఆరు పద్ధతులు చెప్పేచోట ఆయన, సంధితోనూ యుద్ధంతోనూ వచ్చే లాభం ఒకటే అయితే సంధే చేసుకోమంటాడు. యుద్ధమంటే ప్రాణనష్టం, ఖర్చు, ఇల్లు వదిలి పోవడం, పాపం అని లెక్క చెబుతాడు. మన ఇంట్లో పెద్దాయన కోర్టు కేసు వద్దనేటప్పుడు చెప్పే లెక్క లాంటిదే ఇది.

అపోహ: అలీన విధానం గోడ మీద పిల్లి వాటం.

1950ల్లో మన దగ్గర తిండి గింజలు చాలవు, ఉక్కు చాలదు. పీఎల్-480 అనే ఆహార సాయ చట్టం కింద గోధుమలు అమెరికా నుంచి వచ్చాయి, భిలాయ్ ఉక్కు కర్మాగారం సోవియట్ సాయంతో లేచింది. అమెరికా, సోవియట్ శిబిరాల్లో ఒక్కదాంట్లో చేరి ఉంటే ఈ రెండూ ఒకేసారి దక్కడం కష్టం. ఇది అచ్చమైన రియలిజం. 1955లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో కూర్చున్న 29 ఆసియా, ఆఫ్రికా దేశాలకు దీంతోపాటు ఇంకో బాధ కూడా ఉంది: మా గురించి మాట్లాడేటప్పుడు మేమూ గదిలో ఉండాలి అన్నది. అది పోస్ట్‌కలోనియల్ మాట. ఒకే విధానంలో రెండూ ఉన్నాయి.

అపోహ: పోస్ట్‌కలోనియల్ అంటే తెల్లవాళ్ళను తిట్టడం.

తిట్టడానికి సిద్ధాంతం దేనికి? అరండల్‌పేటలో కూర్చుని ఎవరైనా తిట్టవచ్చు, ఆ పేటకున్నదీ దొర పేరే. ఈ వాదం నిలదీసేది పుస్తకాల్ని. సార్వభౌమ దేశాలన్నీ సమానం అంటాయి మన పాఠాలు. 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వర్సాయ్ ఒప్పందం మీద భారత్ తరఫున కూడా సంతకాలు ఉన్నాయి, అప్పటికి మనం పరాయి పాలనలో ఉన్నాం. అదే సమావేశంలో జాతి సమానత్వం మీద జపాన్ పెట్టిన ప్రతిపాదనకు 17లో 11 ఓట్లు వచ్చాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు విల్సన్, ఏకగ్రీవం కావాలంటూ పక్కనపెట్టాడు. అంతర్జాతీయ సంబంధాలకు తొలి ఆచార్య పీఠం వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో పెట్టిన సంవత్సరమూ అదే. 'కోల్డ్ వార్' అన్న పేరు సంగతీ అంతే. ఐరోపాకే అది చల్లగా ఉంది, కొరియాకూ వియత్నాంకూ కాదు.

అపోహ: రెండిట్లో ఏదో ఒకటే పట్టుకోవాలి.

దీనికి నేను మన గుంటూరు కథే చెబుతాను. 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కార్లను, అంటే మన కోస్తా జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి ఇస్తున్నట్టు ఫర్మానా రాశాడు. అప్పటికి ఆయన అలహాబాదులో ఆ కంపెనీ రక్షణలోనే ఉన్నాడు! బెజవాడ పక్కనున్న కొండపల్లి 1766లోనే కంపెనీ చేతికి పోయింది. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉంది, ఆయన దగ్గర ఫ్రెంచి సైనికులు ఉన్నారు. మద్రాసు దొరలు 1779లో నిజాంను దాటేసి తమ్ముడితో బేరం కుదుర్చుకుని, గుంటూరును తీసుకుని ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చారు. నిజాంకు మండి మరాఠాలతో, హైదర్ అలీతో కలిశాడు. ఆ జట్టు నుంచి ఆయన్ని విడదీయడానికి గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ గుంటూరును తిరిగి ఇప్పించాడు. 1782లో బసాలత్ జంగ్ పోయాడు, 1788లో గుంటూరు ప్రాంతం కంపెనీకే చేరింది.

ఎవరూ మరీ బలపడకుండా మిగతావాళ్ళు జట్టుకట్టే అధికార సమతుల్యతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను ఐరోపా చరిత్రలోనూ చూపలేను. ఎవరు ఎవరితో ఎందుకు కలిశారో, ఎందుకు విడిపోయారో రియలిజం వరుసగా చెప్పేస్తుంది. అయితే చేతులు మారిన ప్రతిసారీ శిస్తు కట్టింది మాత్రం ఆ ఊళ్ళ రైతులే. ఫర్మానాలోగానీ, కౌలు పత్రంలోగానీ వాళ్ళ మాట ఎక్కడుందని అడిగేది పోస్ట్‌కలోనియల్ వాదం. పోయినేడు ఈ కథ క్లాసులో చెబుతుంటే కొండవీడు వైపు నుంచి వచ్చే ఓ కుర్రాడు లేచి, 'మరి డొక్కల కరువు ఏ చాప్టర్‌లో వస్తుంది సార్?' అన్నాడు. 1833 నాటి ఆ కరువు మా సిలబస్‌లో ఏ చాప్టర్‌లోనూ లేదు.