పండగకి ఊరెళ్లే పసిపిల్లలు: అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో పిల్లల డాక్టర్ని. మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ. డిసెంబర్ సగం దాటిందంటే మా క్లినిక్‌లో ఎవరిని కదిపినా ఊరి ప్రయాణం మాటే. క్రిస్మస్ సెలవులు, కొత్త సంవత్సరం, ఆ వెంటనే భోగి, సంక్రాంతి. ఒకరు కాకినాడ, ఒకరు నెల్లూరు, ఇంకొకరు అనంతపురం. వెళ్లేముందు అందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే: చలి తగులుతుందా, నీళ్లు పడతాయా, దిష్టి తగిలితే ఎలా?

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల గురించి నా అనుభవంలో తేలింది ఒకటుంది. మనం టెన్షన్ పడే విషయాల్లో చాలావాటివల్ల వాళ్లకి పెద్దగా ఏమీ కాదు. నిజంగా ఆసుపత్రికి తీసుకొచ్చేవి ఎవరి దృష్టికీ రాని చోట, పిల్లల చేతికందే ఎత్తులో ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చలిగాలి తగిలితే జలుబు చేస్తుంది.

జలుబు చేసేది వైరస్. అది మనుషుల నుంచి వస్తుంది. బెంగళూరులో జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. చలి అని తలుపులన్నీ బిగించి, ఒకే గదిలో పదిమంది చుట్టాల మధ్య బిడ్డని కూర్చోబెడితే, అందులో ముక్కు కారుతున్న ఒక్కరు చాలు. స్వెటర్ వేయండి, తప్పులేదు. దానికన్నా ముఖ్యం, ఎత్తుకునేముందు చేతులు కడుక్కోమని పెద్దవాళ్లని అడగడం. జలుబున్న బాబాయి ముద్దు పెట్టబోతే, వచ్చేవారం పెట్టు అని చెప్పడం. ఈ వయసులో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. దాన్ని చూసి రోగనిరోధక శక్తి లేదని కంగారు పడకండి.

అపోహ: ప్రయాణం కదా, ముందుజాగ్రత్తగా ఒక దగ్గు మందు సీసా బ్యాగ్‌లో ఉండాలి.

వద్దు. 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందుని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే రాయమంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. ఆ అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి స్పష్టం చేసింది: రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఐదేళ్ల లోపు పిల్లలకి సాధారణంగా అవసరం లేదు. మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అన్న చర్చ పక్కన పెట్టినా, ఈ మందులవల్ల పసిపిల్లల జలుబు త్వరగా తగ్గదు. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చని ద్రవాలు, ఏడాది దాటిన పిల్లలకైతే అర చెంచా తేనె సరిపోతాయి. ఏడాది లోపు బిడ్డకి తేనె నాకించవద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: బస్సులో నిద్రపోవడానికి రెండు చుక్కల మందు వేస్తే పర్వాలేదు.

ఇది అడిగేవాళ్లని నేను తప్పుపట్టను. స్లీపర్ బస్సులో రాత్రంతా ఏడ్చే బిడ్డని ఎత్తుకుని, పక్క బెర్తులవాళ్ల విసుగు మాటలు వింటూ కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నా జవాబు మారదు. నిద్రకోసం వాడే ప్రోమెథజైన్ లాంటి మందులు రెండేళ్ల లోపు పిల్లల్లో ఊపిరిని ఆపేయగలవు. కొందరిలో అవి తిరగబడి, బిడ్డ నిద్రపోకపోగా తెల్లవార్లూ గింజుకుంటుంది. రైలు దొరికితే రైలే మేలు. నడవడానికి చోటుంటుంది, పిల్లలు గంటల తరబడి ఒకేచోట ఉండనక్కర్లేదు. టికెట్ దొరక్క బస్సే గతి అయితే, రోజూ పడుకునే దుప్పటి వెంట ఉంచుకోండి. ఎక్కేముందే అన్నం పెట్టేసి, రోజూ పాడే జోల పాటే పాడండి.

అపోహ: మనుషుల అలవాటు లేదు, అందుకే నానమ్మ దగ్గరికి కూడా పోవట్లేదు.

ఈ మాట అనిపించుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లుల్ని చూశాను. ఫ్లాట్‌లో పెంచారు, మనుషులకి దూరం చేశారు అని ఊళ్లో నలుగురూ అంటారు. కొత్త ముఖం చూసి భయపడటం ఎనిమిది, తొమ్మిది నెలలకి మొదలై రెండేళ్ల దాకా ఉండొచ్చు. మనవాళ్లెవరో, కొత్తవాళ్లెవరో బిడ్డ మెదడు గుర్తుపట్టడం మొదలుపెట్టిందనడానికి అది గుర్తు, మంచి గుర్తు. నానమ్మలకి, అమ్మమ్మలకి నేను చెప్పేది ఒకటే: రాగానే లాక్కోవద్దమ్మా. పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి. చిక్కుడుకాయలు వలుస్తూ ఉండండి. ఒక పూట ఆగితే వాడే వచ్చి మీ గిన్నెలో చెయ్యి పెడతాడు.

ఇలాంటిదే ఇంకో మాట, పగలు పడుకోకపోతే రాత్రి ఒళ్లెరగకుండా పడుకుంటాడని. జరిగేది దానికి వ్యతిరేకం. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి పగలు, రాత్రి కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మధ్యాహ్నం కునుకు తప్పిన బిడ్డ సాయంత్రానికి బాగా అలసిపోయి, నిద్రలోకి జారుకోలేక, చేతికందింది విసిరేస్తుంది. అప్పుడు దిష్టి తగిలిందని మిరపకాయలు తీస్తారు. తీసుకోండి, పెద్దవాళ్ల మనసు తృప్తిపడుతుంది. పొగ బిడ్డ ముఖానికి తగలకుండా చూడండి, అంతే. మర్నాడు మాత్రం మధ్యాహ్నం ఎంతమంది చుట్టాలు వచ్చినా సరే, వెనక గదిలో ఫ్యాన్ వేసి, తలుపు దగ్గరగా వేసి, ఒక గంటన్నర పడుకోబెట్టండి. సాయంత్రం తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: అరిసెలు తిని రెచ్చిపోతున్నాడు.

చక్కెరకీ పిల్లల అల్లరికీ సంబంధం ఉందేమో అని పరిశోధకులు చాలాసార్లు పరీక్షించారు. 1995లో ఆ పరీక్షలన్నిటినీ కలిపి చూస్తే సంబంధం కనిపించలేదు. 1994లో జరిగిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. పిల్లలకి చక్కెర లేని పానీయం ఇచ్చి, కొందరు తల్లులతో మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించింది. అరిసె తిన్న రోజే ఇంటినిండా జనం, టీవీ మోత, తప్పిన నిద్ర. నెపం అరిసె మీదికి పోతుంది. అలాగని పెట్టమనడం లేదు. రెండేళ్లు నిండేదాకా విడిగా కలిపిన చక్కెర, బెల్లం వద్దన్నది పిల్లల వైద్యుల మాట. దానికి కారణాలు పళ్లు, బరువు, అన్నం మీద అయిష్టం.

అపోహ: మన ఇల్లే కదా, ఇక్కడ భయమేముంది?

అన్నిటికన్నా ఎక్కువగా ఇక్కడ ఆగమని అడుగుతున్నాను.

బెంగళూరు ఫ్లాట్‌లో మీరు సొరుగులకి తాళాలు వేసుంటారు, మందులు పై అరలో పెట్టుంటారు. ఊళ్లో ఇల్లు ఏళ్లుగా పసిపిల్లలు లేని ఇల్లు. అక్కడ దేవుడి గూడు నేలకి రెండడుగుల ఎత్తులో ఉంటుంది. అందులో కర్పూరం డబ్బా. తెల్లగా, పటికబెల్లం ముక్కలా కనిపిస్తుంది. ఏడాది పిల్లలకి ఒక్క గ్రాము కర్పూరం కూడా ప్రాణాపాయమే. మింగిన కొన్ని నిమిషాల్లోనే ఫిట్స్ మొదలవుతాయి, కొందరికి గంట దాటాక వస్తాయి. నోట్లో కర్పూరం వాసన వస్తుంటే ఎదురుచూడవద్దు. వాంతి చేయించవద్దు, దారిలో ఫిట్స్ వస్తే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, నూనె పట్టవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ముక్కు దిబ్బడకి కర్పూరం మూటకట్టి మెడలో వేయడం, నూనెలో కలిపి ఛాతీకి రాయడం కూడా పసిపిల్లలకి వద్దు. మిఠాయిల్లో చిటికెడు వేసే పచ్చకర్పూరం డబ్బా కూడా అందనంత ఎత్తులోనే ఉండాలి.

తర్వాతిది తాతయ్య మాత్రలు. షుగర్‌కి వాడే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఒక్కటి మింగినా పసిబిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ వెంటనే కాదు, గంటల తర్వాత కూడా. అందుకే బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆసుపత్రిలో ఒక రోజంతా ఉంచుతాం. బీపీ మాత్రల్లో కొన్ని కూడా ఒక్కటి చాలు. ఇవి ఉండేది మందుల పెట్టెలో కాదు. దిండు కింద, చొక్కా జేబులో, అమ్మమ్మ చేతి సంచిలో, వారానికి సరిపడా గళ్లున్న ప్లాస్టిక్ డబ్బాలో. ఆ డబ్బాని ఊపితే గలగలమంటుంది, పిల్లలకి గిలక్కాయే. ఇంట్లో అడుగుపెట్టగానే, కాళ్లు కడుక్కున్నంత సహజంగా, అమ్మానాన్నల మాత్రలు ఎక్కడున్నాయో అడిగి పై అరకి ఎక్కించండి. వాళ్లేమీ అనుకోరు.

ఇక చలికని బీరువాలోంచి తీసే దుప్పట్లు. వాటి మడతల్లో కలరా ఉండలుంటాయి. జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ నాఫ్తలీన్ రక్తకణాలని పగలగొడుతుంది. మింగనక్కర్లేదు, ఆ వాసన పట్టిన దుప్పట్లో పడుకోబెట్టినా చాలు. రెండు మూడు రోజుల్లో బిడ్డ పాలిపోయి, కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. ఆ లోపం ఉందో లేదో చాలామందికి ముందుగా తెలియదు. కాబట్టి అలాంటి దుప్పట్లు ఉతికి ఎండలో ఆరేశాకే వాడండి. ఉండలన్నీ తీసి బయట పారేయండి.

అపోహ: భోగిపళ్లవల్ల ఏమవుతుంది?

భోగిపళ్లు పోయండి. మనవడి తలమీద రేగిపళ్లు, బంతిపూల రేకలు జారుతుంటే చూసి మురిసిపోని తాతయ్య ఉండడు. పేరంటం అయిపోయాక ఆ చాప ఎవరు ఎత్తుతారన్నదే నా ప్రశ్న. రేగిపళ్లు, శనగలు, చెరకు ముక్కలు, రూపాయి నాణేలు. అన్నీ సరిగ్గా పసిపిల్లల గొంతుకి అడ్డం పడే సైజులోనే ఉంటాయి. ఎండు శనగ గింజ ఊపిరి గొట్టంలోకి పోతే తడికి ఉబ్బుతుంది కూడా. పోస్తున్నంతసేపు బిడ్డ చేతులు చూసుకోవడానికి ఒకరిని కేటాయించండి. అయిపోగానే చాపని నాలుగు మూలలూ పట్టి ఎత్తేయండి. మంచాల కింద ఒకసారి ఊడవండి.

గొంతుకి ఏదైనా అడ్డుపడి బిడ్డ దగ్గలేక, ఏడవలేక పోతుంటే నీళ్లు పట్టవద్దు, కనిపించని దానికోసం వేలు పెట్టి కెలకవద్దు. బోర్లా వంచి వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే, ఏడాది దాటిన బిడ్డకి వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి కాస్త పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. ఏడాది లోపు బిడ్డకైతే పొట్ట నొక్కకూడదు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి. అది బయటికొచ్చేదాకా ఇవి మార్చి మార్చి చేస్తూనే, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, మధ్యమధ్య నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి.

ఇంకొక సంగతి. అప్పుడు పొలమారి, దగ్గి, సర్దుకుని, పండగ తర్వాత వారాల తరబడి దగ్గు తగ్గని పిల్లలుంటారు. గింజ లోపలే ఉండిపోయి ఉండొచ్చు. డాక్టర్‌కి ఆ పొలమారిన సంగతి తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతోనే మాకు దారి దొరుకుతుంది.

అపోహ: నీళ్లు పడలేదు.

నీళ్లు మారినందుకు విరేచనాలు కావు, నీళ్లలోనో చేతుల్లోనో క్రిములుంటే అవుతాయి. కాచి చల్లార్చిన నీళ్లు, కడిగిన చేతులు. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. దాంతోపాటు డాక్టర్ చెప్పినట్టు 14 రోజులు జింక్. ఓఆర్ఎస్ పేరుతో డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు వేరు, చక్కెర ఎక్కువై విరేచనాలు పెరగొచ్చు. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరే వాడకూడదంది. పల్లెటూరి షాపుల్లో పాత సరుకు ఉండొచ్చు కాబట్టి, ఇక్కడినుంచే నాలుగు ప్యాకెట్లు పట్టుకెళ్లండి.

అపోహ: ఇన్ని భాషలు వింటే మాటలు ఎలా వస్తాయి?

పండగకి ఊళ్లో అందరూ కలిసినప్పుడు ఈ మాట తప్పక వస్తుంది. ఇంట్లో తెలుగు, ఆయమ్మ కన్నడ, పక్కింటివాళ్లు హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లిష్. పాపం బిడ్డ తికమకపడుతోంది, ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి అని సలహా. ఎక్కువ భాషలు వినడంవల్ల మాటలు ఆలస్యం కావు. లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలూ కలిపి లెక్కపెట్టాలి. బెంగళూరు బిడ్డ పాలు అని తెలుగులో, నాయి (కుక్క) అని కన్నడలో, బాల్ అని ఇంగ్లిష్‌లో అంటే మూడు మాటలు వచ్చినట్టే. మీకు ఏ భాషలో కథలు చెప్పడం, ముద్దుచేయడం, కోప్పడటం సహజంగా వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి. తెలుగు ఆపేస్తే తాతయ్యతో మాట్లాడే దారి మూసుకుపోతుంది తప్ప ఇంకో భాష త్వరగా రాదు. రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ వద్దని చెప్పే మేము కూడా అమ్మమ్మతో వీడియో కాల్‌కి అడ్డు చెప్పం.

దీనికి రెండో వైపు, మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి అన్న ఓదార్పు. దీన్ని నమ్మి విలువైన నెలలు పోగొట్టుకోవద్దు. ఏడాదిన్నరకి అర్థమున్న మాట ఒక్కటీ లేకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, వేలితో చూపించకపోయినా, రెండేళ్లకి అన్ని భాషలూ కలిపి కనీసం యాభై మాటలు, "అమ్మ రా" లాంటి రెండు మాటల కలయిక లేకపోయినా డాక్టర్‌కి చూపించాల్సిందే. మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. బెంగళూరులో పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో చేస్తారు. మైసూరులో కేంద్ర ప్రభుత్వ వాక్ శ్రవణ సంస్థ కూడా ఉంది. పండగనుంచి తిరిగి రాగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వచ్చేటప్పుడు బిడ్డ అనే మాటలన్నీ, ఏ భాషవైనా సరే, ఒక కాగితం మీద రాసుకుని రండి.